కీటోనా, ఫాస్టింగా, క్యాలరీల లెక్కా? ముందు మీ రిపోర్టు మొత్తం చదవండి

"హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది, కీటో మొదలుపెట్టనా, 16:8 ఫాస్టింగ్ చేయనా?" ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడగని నెల ఉండదు. (హెచ్‌బీఏ1సీ అంటే గడిచిన రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష, కీటో అంటే పిండిపదార్థాలు దాదాపు మానేసే తిండి, 16:8 అంటే రోజులో 8 గంటల్లోనే తినడం.) నేను డాక్టర్ని కాను, డైటీషియన్ని అంతకంటే కాను. అయిదేళ్ల కిందట నా రిపోర్టు సగం ఎర్ర అంకెలతో చేతికొస్తే, ఆ టెన్షన్‌లో దొరికిందల్లా చదివి, మూడు నాలుగు పద్ధతులు ఒకదాని తర్వాత ఒకటి నా ఒంటి మీదే చేసి చూసుకున్న మనిషిని, అంతే. అడిగినవాళ్లకి జవాబు చెప్పేముందు నేనే ఎదురు నాలుగు ప్రశ్నలు వేస్తాను. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) ఎంత ఉన్నాయి? ఏ మందులు వాడుతున్నారు? రోజులో ఏ గంటకి మీ నోటికి తాళం ఊడుతుంది? ఇంట్లో వంట ఎవరిది? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే "అదేదో చూడలేదండీ" అంటారు. షుగర్ అంకె ఒక్కటి చూసేసి, మిగతా కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తాం కదా.

ఏ డైట్ గొప్పదన్న గొడవ ఎందుకు తెగదు

2018లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో క్రిస్టఫర్ గార్డ్నర్ బృందం 609 మందిని రెండు జట్లుగా విడగొట్టి ఏడాదిపాటు చూసింది. ఒక జట్టుకి కొవ్వు తక్కువ తిండి, రెండో జట్టుకి పిండిపదార్థాలు తక్కువ తిండి. రెండు జట్లకీ కామన్‌గా చెప్పింది ఒకటుంది: కూరగాయలు బాగా తినండి, చక్కెర, మైదా లాంటివి తగ్గించండి, వీలైనంతవరకు ఇంట్లో వండుకోండి. ఏడాది చివర చూస్తే కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి తీసుకోదగ్గది కాదని పరిశోధకులే చెప్పారు. జన్యువులు చూసో, ఇన్సులిన్ ఎంత ఊరుతోందో చూసో ఎవరికి ఏ డైట్ పడుతుందో ముందే చెప్పొచ్చన్న ఆశ కూడా అక్కడ నెరవేరలేదు.

నాకు ఆ అధ్యయనంలో సగటు కంటే ఆసక్తిగా అనిపించింది వేరే. ఒకే జట్టులో, ఒకే సలహా విన్నవాళ్లలో, పాతిక కిలోలకి పైగా తగ్గినవాళ్లున్నారు, ఆరేడు కిలోలు పెరిగినవాళ్లూ ఉన్నారు. అంటే డైట్‌కీ డైట్‌కీ మధ్య తేడా గోరంత, మనిషికీ మనిషికీ మధ్య తేడా కొండంత. అందుకే "నా స్నేహితుడు కీటోతో ఇరవై కిలోలు తగ్గాడు" అన్న మాట నిజమే అయినా దాంతో మీకు ఒరిగేది తక్కువ. డైట్ పేరు పక్కన పెట్టి, ముందు మీ సంగతి చూసుకుందాం.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

*ఏ అంకె చెడింది?* హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, 6.5 నుంచి డయాబెటిస్ అంటారు. ఫాస్టింగ్ షుగర్ అయితే 100 నుంచి 125 వరకు ప్రీడయాబెటిస్, 126 నుంచి డయాబెటిస్ (లక్షణాలేమీ లేకపోతే, ఖాయం చేసేముందు ఇంకోసారి పరీక్ష చేస్తారు). ఇక్కడితో ఆగకండి. ట్రైగ్లిజరైడ్స్ 150కి చేరాయా, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40 కంటే, ఆడవాళ్లలో 50 కంటే తక్కువుందా, బీపీ 130/85కి చేరిందా, నడుము పెరిగిందా, ఫాస్టింగ్ షుగర్ 100కి చేరిందా... ఈ అయిదింటిలో మూడు ఉంటే దాన్నే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. నడుముకి జాతిని బట్టి హద్దులు మారతాయి. దక్షిణాసియా మూలాలున్న మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 అని పెట్టారు, యూరప్ మూలాలున్న మగవాళ్లకి ఇంకాస్త ఎక్కువ. ఇవేవీ గుర్తుండకపోతే నడుము కొలత మీ ఎత్తులో సగం లోపు ఉందో లేదో టేపు పెట్టి చూడండి, చాలు.

చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ ఈ అయిదింటిలో లేదు. కానీ డైట్ ఎంచుకునేటప్పుడు దాన్ని మర్చిపోతే ఏమవుతుందో నా కథలోనే చెబుతా.

ఇంకో చిన్న మెలిక. ఐరన్ లోపంతో రక్తహీనత ఉన్నవాళ్లకి హెచ్‌బీఏ1సీ అసలు కంటే ఎక్కువ చూపించొచ్చు. ఈ మధ్యే రక్తం బాగా పోయినవాళ్లకి తక్కువ చూపించొచ్చు. ఫాస్టింగ్ షుగర్ 92 ఉండి హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చిందంటే, అన్నం మానేసే ముందు హిమోగ్లోబిన్ ఎంతుందో చూసుకోండి.

*ఏ మందులు వాడుతున్నారు?* ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ వేసుకుంటూ ఒక్కసారిగా తిండి తగ్గిస్తే లో షుగర్ వచ్చి పడిపోతారు, ఇది మాటవరసకి అంటున్నది కాదు. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రలు వాడేవాళ్లు కీటో గానీ, సుదీర్ఘ ఉపవాసం గానీ చేస్తే ఒంట్లో కీటోన్లు ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు, అదీ షుగర్ పెద్దగా పెరగకుండానే, కాబట్టి మీటర్‌లో కనిపించకపోవచ్చు. బీపీ మాత్రల డోసు కూడా బరువు తగ్గేకొద్దీ తగ్గించాల్సి రావచ్చు. మందులు వాడేవాళ్లు ఈ వ్యాసంలో ఏ పద్ధతి నచ్చినా, మొదలుపెట్టడానికి ముందే డాక్టర్‌తో డోసు సంగతి తేల్చుకోండి.

*నోటికి తాళం ఊడే గంట ఏది?* నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, కానీ ఏ చార్టులోనూ కనపడదు. నాది రాత్రి పదిన్నర. పగలంతా కొలిచి తిని, పిల్లలు పడుకున్నాక చీకట్లో ఫ్రిజ్ తలుపు తీసి, ఆ లైటు వెలుగులో నిలబడి, వేరుశెనగ బటర్ సీసాలో చెంచా ముంచి... ఒక చెంచా, రెండో చెంచా, మూడోదానికి "ఇది ప్రోటీనే కదా" అని సర్దిచెప్పుకోవడం. నాలుగు చెంచాలంటే దాదాపు నాలుగొందల క్యాలరీలు, ఒక పూట తిండితో సమానం. కొందరికి అది సాయంత్రం అయిదు గంటల టీ టైమ్, కొందరికి సెలవు రోజు మధ్యాహ్నం. మీ గంట ఏదో తెలియకపోతే ఒక వారం ఫోన్‌లో టైమ్‌తో సహా రాసుకోండి. ఏం తిన్నారో రాయకపోయినా ఫర్వాలేదు, ఎప్పుడు తిన్నారో రాయండి.

*వంట ఎవరిది?* మీరొక్కరే వండుకుని తినేవాళ్లయితే ఏ పద్ధతైనా నడుస్తుంది. నలుగురికి ఒకే వంట అయితే, మీ ఒక్కరి కోసం రోజూ వేరే గిన్నె పొయ్యెక్కాలంటే అది మూడు రోజుల ముచ్చటే.

*కండ.* బరువు తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, ముఖ్యంగా ప్రోటీన్ తక్కువ తిని, కదలకుండా కూర్చుంటే. తిన్న గ్లూకోజ్‌లో పెద్ద వాటా వెళ్లి దాక్కునేది కండలోనే, కాబట్టి అది పోతే షుగర్‌కి ఇల్లు పోయినట్టే. పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.8 గ్రాముల ప్రోటీన్ కనీసం అంటారు. బరువు తగ్గుతున్నప్పుడు, అరవై దాటినప్పుడు 1.2 దాకా తీసుకోమని చాలామంది నిపుణుల సలహా, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి మాత్రం ఇది వర్తించదు.

ఒక్క చూపులో

| పద్ధతి | బాగా పనిచేసే చోట | ఇబ్బంది పెట్టే చోట | ఎవరికి తగదు |
|---|---|---|---|
| అన్నీ తింటూ క్యాలరీలు తగ్గించడం | బరువు, ప్రీడయాబెటిస్, ఫ్యాటీ లివర్ | రోజూ కొలతలు, విసుగు | తిండి గురించి అతిగా ఆందోళనపడేవాళ్లు |
| లో-కార్బ్, కీటో | ట్రైగ్లిజరైడ్స్, తిన్న తర్వాతి షుగర్ | ఎల్‌డీఎల్ పెరగొచ్చు, పీచు తగ్గుతుంది | గ్లిఫ్లోజిన్లు వాడేవాళ్లు, ఎల్‌డీఎల్ ఇప్పటికే ఎక్కువున్నవాళ్లు |
| తినే గంటలు కుదించడం | రాత్రి చిరుతిండి | తినే గంటల్లో అతిగా తినడం, కండ | ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు |
| మెడిటరేనియన్ తరహా | గుండె, ఎల్‌డీఎల్, చాలాకాలం నడవడం | బరువు నెమ్మదిగా తగ్గుతుంది | దాదాపు ఎవరికైనా పడుతుంది |
| చాలా తక్కువ క్యాలరీల కోర్సు | కొత్తగా వచ్చిన టైప్ 2 డయాబెటిస్ | కష్టం, కోర్సయ్యాక బరువు మళ్లీ రావడం | డాక్టర్ పర్యవేక్షణ లేనివాళ్లు |

అన్నీ తింటూ కొలత తగ్గించడం

పాత చింతకాయ పచ్చడి అని దీన్ని తీసిపారేస్తారు గానీ, ప్రీడయాబెటిస్‌లో అన్నిటికంటే గట్టి రుజువున్నది దీనికే. అమెరికాలో 3,234 మంది ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్ల మీద చేసిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2002లో వచ్చాయి. కొవ్వూ క్యాలరీలూ తగ్గించి, బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్న జట్టులో, దాదాపు మూడేళ్లలో డయాబెటిస్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చిన జట్టులో తగ్గింది 31 శాతం. 80 కిలోల మనిషికి 7 శాతం అంటే అయిదున్నర కిలోలు, అంతే. ఫ్యాటీ లివర్‌కి కూడా ఇలాంటి లెక్కే: 5 శాతం బరువు తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే లోపలి వాపు కూడా తగ్గే అవకాశం బాగా ఉంది.

దీని అసలు లోపం మన కళ్లు. తిన్నదాన్ని మనం ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తాం, నూనె విషయంలో మరీను. గ్రాము నూనెకి 9 క్యాలరీలు, గ్రాము పిండికి గానీ ప్రోటీన్‌కి గానీ 4. చేతివాటంగా మూకుట్లో ఒంపిన నూనెని ఒకసారి వంటింటి తూకం మీద పెట్టి చూడండి, నేను చెంచా అనుకున్నది మూడు చెంచాలు తూగింది. నా సలహా ఏంటంటే జీవితాంతం కొలవకండి, మూడు వారాలు కొలవండి. ఆ మూడు వారాల్లో మీ ఇంట్లో క్యాలరీలు ఎక్కడ దాక్కున్నాయో తెలిసిపోతుంది, తర్వాత ఆ నాలుగైదు చోట్ల చెయ్యి బిగబడితే చాలు.

కొలవడం అస్సలు ఇష్టం లేనివాళ్లకి ఒక దొడ్డిదారి ఉంది: ప్యాకెట్ తిండి తగ్గించడం. 2019లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో కెవిన్ హాల్ 20 మందిని అక్కడే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టాడు. రెంటిలోనూ వడ్డించిన చక్కెర, కొవ్వు, పీచు, క్యాలరీలు సమానం, ఎంత తినాలన్నది వాళ్లిష్టం. ప్యాకెట్ తిండి పెట్టినప్పుడు రోజుకి దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. ఇరవై మందే, కొన్ని వారాలే, నిజమే. అయినా కొలత లేకుండా క్యాలరీలు తగ్గే దారి ఇదని నాకు గట్టి నమ్మకం.

లో-కార్బ్, కీటో

ఈ రెండూ ఒకటి కాదు, ఇక్కడే చాలా వాదనలు గాలికి పోతాయి. రోజుకి 130 గ్రాముల లోపు పిండిపదార్థాలు తింటే లో-కార్బ్ అంటారు, అన్నం, బ్రెడ్డు సగానికి తగ్గిస్తే చాలామంది ఆ దగ్గరికి వచ్చేస్తారు. కీటో అంటే 20 నుంచి 50 గ్రాములు, అంటే పండ్లు, పప్పులు కూడా చాలావరకు వదులుకోవాలి.

ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నవాళ్లకి ఇది బాగా పనిచేయడానికి కారణం ఉంది. అవసరానికి మించి వచ్చిన పిండినీ చక్కెరనీ కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపిస్తుంది, రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్‌గా కనిపించే దాంట్లో ఈ సరుకు వాటా ఉంటుంది. సరుకు తగ్గితే పంపకం తగ్గుతుంది. తిన్న తర్వాతి షుగర్ కూడా మొదటి వారంలోనే దిగుతుంది. టైప్ 2 డయాబెటిస్‌లో మొదటి ఆరు నెలలు మిగతా డైట్‌ల కంటే లో-కార్బ్ మెరుగ్గా కనిపిస్తుంది, ఏడాది దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా కరిగిపోతూ వస్తుంది, చాలావరకు జనం దాన్ని పట్టుకుని ఉండలేకపోవడం వల్లే అని నా అనుమానం.

మొదటి వారం మూడు కిలోలు తగ్గిందని ఎగిరి గంతేయకండి. కాలేయంలో, కండల్లో ఒళ్లు దాచుకునే చక్కెర నిల్వని గ్లైకోజెన్ అంటారు, దాని ప్రతి గ్రాముతో మూడు గ్రాముల దాకా నీళ్లు ఉంటాయి, గ్లైకోజెన్ ఖర్చయితే ఆ నీళ్లూ పోతాయి. దాంతోపాటు ఉప్పు పోయి తలనొప్పి, కాళ్లు పట్టేయడం వస్తాయి.

నా కథ ఇక్కడే. కీటో నాలుగు నెలలు చేశాను, గుడ్లు, వెన్న, చీజ్, క్రీమ్, మాంసం. నడుము తగ్గింది, ట్రైగ్లిజరైడ్స్ సగానికి పడ్డాయి, నేను డాక్టర్ ముందు కాలర్ ఎగరేసుకుని కూర్చున్నాను. ఆవిడ రిపోర్టు తిప్పి, పెన్నుతో ఒక అంకె చుట్టూ సున్నా చుట్టి నా వైపు తోసింది. ఎల్‌డీఎల్ 121 నుంచి 178. అందరికీ ఇలా అవదు, కొందరిలో మాత్రం గట్టిగా పెరుగుతుంది, సంతృప్త కొవ్వు ఎంత ఎక్కువ తింటే అంత. వెన్న, క్రీమ్ పోయి వాటి చోట గింజలు, చేప, ఆలివ్ నూనె వచ్చాక, పప్పులు కాస్త మళ్లీ పళ్లెంలోకి వచ్చాక అది దిగింది. ట్రైగ్లిజరైడ్స్ కొంచెమే పెరిగాయి, ఆ బేరం నాకు లాభమే. కాబట్టి లో-కార్బ్ ఎంచుకుంటే మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకి ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్స్ చూసే పరీక్ష) చేయించుకోండి. "ఎల్‌డీఎల్ పెరిగినా ఫర్వాలేదు, మిగతావన్నీ బాగున్నాయిగా" అనే వీడియోలు చాలా ఉన్నాయి, వాటి మీద మీ గుండెని పందెం కాయకండి.

తినే గంటలు కుదించడం

16 గంటలు ఉపవాసం, 8 గంటల్లో తిండి. ఇందులో ఏదో మాయ జరుగుతుందని ప్రచారం, రుజువులు మాత్రం అంత ఉదారంగా లేవు. 2020లో అమెరికాలో 116 మందితో 12 వారాలు చేసిన ట్రయల్‌లో మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 వరకే తిన్నవాళ్లకీ, మామూలుగా మూడు పూటలా తిన్నవాళ్లకీ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పైగా ఫాస్టింగ్ చేసినవాళ్లలో పోయిన బరువులో కండ వాటా ఎక్కువుందన్న అనుమానం మిగిలింది. 2022లో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 139 మందికి ఏడాదిపాటు ఒకే క్యాలరీల హద్దు ఇచ్చి, సగంమందిని ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినమన్నారు. వాళ్లు 8 కిలోలు తగ్గారు, గంటల నియమం లేనివాళ్లు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా కూడా యాదృచ్ఛికం కాదని చెప్పగలిగేంత పెద్దది కాదు.

అంటే ఫాస్టింగ్ వేస్టా? కాదు. అది మందు కాదు, తలుపుకి గడియ. మీ నోటి తాళం ఊడేది రాత్రి పదింటికైతే, "ఏడు తర్వాత వంటగది బంద్" అనే ఒక్క నియమం వంద క్యాలరీల లెక్కల కంటే సుఖం. నాకు ఆ వేరుశెనగ బటర్ సీసా నుంచి విముక్తి దొరికింది దీనితోనే. అదే మీ బలహీన గంట సాయంత్రం అయిదైతే, పొద్దున తినకుండా ఉండటం వల్ల ఆ అయిదింటి ఆకలి రెండింతలై మీద పడుతుంది, అప్పుడు ఈ పద్ధతి మీకు ఎదురు తన్నుతుంది.

గంటలు కుదించాలనుకుంటే రాత్రి భోజనం ముందుకి జరపడం మేలని నా అభిప్రాయం, పొద్దున మానేయడం కంటే. 2018లో ప్రీడయాబెటిస్ ఉన్న ఎనిమిది మంది మగవాళ్ల మీద చేసిన చిన్న అధ్యయనంలో, మధ్యాహ్నం 3 లోపు తిండి ముగించినప్పుడు బరువు తగ్గకుండానే ఇన్సులిన్ పనితీరు, బీపీ మెరుగయ్యాయి. ఎనిమిది మందే, దాన్ని పట్టుకుని ఊరేగనక్కర్లేదు, ఉద్యోగం చేసే ఎవరికీ 3 గంటలకి రాత్రి భోజనం కుదరదు కూడా. తొమ్మిదిన్నరని ఏడున్నర చేసినా నాకు ఉదయం ఫాస్టింగ్ షుగర్‌లో తేడా కనిపించింది.

మెడిటరేనియన్ తరహా

పేరు చూసి ఇదేదో విదేశీ వంటకాల జాబితా అనుకోకండి. పప్పు దినుసులు, కూరగాయలు, పండ్లు, పొట్టు తీయని ధాన్యాలు, గింజలు, ఆలివ్ నూనె లాంటి అసంతృప్త కొవ్వున్న నూనెలు, తరచుగా చేప. ఎర్ర మాంసం, మిఠాయిలు అరుదుగా. ఈ వరస ఏ వంటగదిలోనైనా కుదురుతుంది. స్పెయిన్‌లో 7,447 మంది మీద చేసిన ప్రెడిమెడ్ అధ్యయనం 2013లో వచ్చింది, కొన్నిచోట్ల జట్లు విడగొట్టడంలో తప్పులు దొరికి 2018లో వెనక్కి తీసుకుని లెక్కలు సరిచేసి మళ్లీ ప్రచురించారు, ఫలితం మాత్రం దాదాపు అదే నిలబడింది: ఈ తిండికి ఆలివ్ నూనె గానీ గింజలు గానీ కలిపి తిన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు 30 శాతం తక్కువ. అందులో ఎవర్నీ క్యాలరీలు తగ్గించమని అడగలేదు.

దీని బలహీనత కూడా అదే. బరువు చకచకా దిగదు, మొదటి నెల చూపించుకోవడానికి ఏమీ ఉండదు, అందుకే దీనికి వీడియోలు తక్కువ. ఎల్‌డీఎల్ ఎక్కువున్నవాళ్లు, ఇంట్లో గుండె జబ్బు చరిత్ర ఉన్నవాళ్లు, నలుగురికీ ఒకే వంట కావాల్సినవాళ్లు, నేనైతే వీళ్లని ఇంకేదీ చూడకుండా దీని వైపే తోస్తాను. గింజలు మంచివి కదా అని గుప్పిళ్లు గుప్పిళ్లు తినకండి, ఒక గుప్పెడు దగ్గరే ఆపాలి.

చాలా తక్కువ క్యాలరీల కోర్సు

ఇది ఇంట్లో సొంతంగా చేసేది కాదు, కానీ డయాబెటిస్ కొత్తగా వచ్చినవాళ్లకి దీని గురించి తెలియాలి. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్ నడిపిన డైరెక్ట్ ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. టైప్ 2 వచ్చి ఆరేళ్ల లోపే అయి, ఇన్సులిన్ వాడనివాళ్లకి మూడు నుంచి అయిదు నెలలు రోజుకి 825 నుంచి 853 క్యాలరీల షేక్‌లు, సూప్‌లు మాత్రమే ఇచ్చారు, డయాబెటిస్, బీపీ మాత్రలు మొదటి రోజే ఆపించి, తర్వాత నెమ్మదిగా మామూలు తిండికి తెచ్చారు. ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ డయాబెటిస్ హద్దు కిందికి వచ్చింది, మామూలు చికిత్సలో ఉన్నవాళ్లలో అది 4 శాతం. 15 కిలోలు, అంతకుమించి తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. రెండేళ్లకి ఆ 46 కాస్తా 36కి దిగింది, ఎందుకంటే కొందరికి బరువు మళ్లీ వచ్చింది. కాలేయం, పాంక్రియాస్‌లో పేరుకున్న కొవ్వు కరగడమే అసలు కారణమని టేలర్ వాదన. పదిహేనేళ్ల నుంచి డయాబెటిస్ ఉన్నవాళ్లు ఈ అంకెలు చూసి ఆశ పెంచుకోవద్దు, ఏళ్లు గడిచేకొద్దీ అవకాశాలు తగ్గుతాయి.

ఇక్కడే బరువు తగ్గించే ఇంజెక్షన్ల మాట వస్తుంది. సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గడం 2021 ట్రయల్‌లో చూశారు, ఆపేసిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. అది వేసుకోవడం ఓడిపోవడమేమీ కాదు, అయితే వేసుకుంటున్నప్పుడు కూడా ప్రోటీన్, బరువులెత్తే వ్యాయామం ఉండాల్సిందే.

మీరు ఏ కోవలో ఉన్నారు?

ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, ఎల్‌డీఎల్ మామూలుగా ఉంది, అన్నం బ్రెడ్డు మీద కట్టడి పెట్టగలరు: లో-కార్బ్, కీటో దాకా పోనక్కర్లేకుండా, కొవ్వులు మాత్రం మెడిటరేనియన్ వైపు నుంచి తెచ్చుకోండి. నిజానికి ఈ కలగాపులగమే నేను ఇప్పుడు తింటున్నది.

ట్రైగ్లిజరైడ్స్, ఎల్‌డీఎల్ రెండూ ఎక్కువ: మెడిటరేనియన్, దానికి తోడు పీచు. రోజుకి కనీసం 25 గ్రాముల పీచు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎల్‌డీఎల్‌కి మాత్ర రాసిస్తే, తిండితో సరిచేస్తానని ఏళ్లు దొర్లించకండి.

సన్నగానే ఉన్నారు, కానీ షుగర్ బోర్డర్‌లో ఉంది: ఇలాంటివాళ్లు క్యాలరీలు కోసేసుకుని ఇంకా సన్నబడి, ఉన్న కండ పోగొట్టుకోవడం నేను చూశాను. బరువు కంటే నడుము చూడండి, ప్రోటీన్ పెంచండి, వారానికి రెండు మూడు రోజులు బరువులు ఎత్తండి. ఉన్నట్టుండి, ఏ ప్రయత్నం లేకుండా సన్నబడుతూ షుగర్ పెరుగుతుంటే అది డైట్ సమస్య కాకపోవచ్చు, వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి.

షిఫ్ట్ డ్యూటీలు: గంటల నియమం మీ మీద కత్తి కట్టినట్టే ఉంటుంది. ఏ వేళకి తిన్నా పళ్లెంలో ఏముందన్నదే చూసుకోండి.

అరవై దాటినవాళ్లు: వేగంగా బరువు తగ్గించే ఏ పద్ధతైనా అనుమానంగానే చూడాలి. గర్భిణులు, టైప్ 1 ఉన్నవాళ్లు, ఒకప్పుడు తిండి విషయంలో మానసికంగా నలిగినవాళ్లు మాత్రం పైవాటిలో ఏదీ సొంతంగా మొదలుపెట్టకండి.

చిల్లర ప్రశ్నలు, చిన్న జవాబులు

పండా, పండ్ల రసమా? పండే. రసంలో పీచు పోతుంది, మూడు పండ్ల చక్కెర ఒక్క గుటకలో దిగుతుంది. తేనె, బెల్లం, బ్రౌన్ షుగర్ అని పేర్లు మార్చినా షుగర్ మీటర్‌కి అంతా చక్కెరే.

చక్కెర బదులు స్వీటెనర్లా? కూల్‌డ్రింక్ మానలేనివాళ్లకి కొన్నాళ్లు మెట్టులా వాడుకోవచ్చు, మెట్టు మీదే కాపురం పెట్టకండి. బరువు తగ్గడానికి వాటి మీద ఆధారపడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, ఆ సలహా డయాబెటిస్ ఇప్పటికే ఉన్నవాళ్లకి కాదు.

చల్లారిన అన్నమా? పిండిలో కొంత అరగని రకంగా మారడం నిజమే, ప్రభావం మాత్రం చిన్నది. రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకోవడానికి లైసెన్సు కాదది.

భుజానికి అంటించుకుంటే రోజంతా షుగర్ చూపిస్తూ ఉండే సీజీఎం కొనాలా, మామూలు గ్లూకోమీటర్ చాలా? ఇన్సులిన్ వాడేవాళ్లకి సీజీఎం వరం. ప్రీడయాబెటిస్‌కి రెండు వారాలు పెట్టుకుని నేర్చుకుంటే చాలు, ఆ తర్వాత అది ఇచ్చేది టెన్షనే. అది కొలిచేది రక్తంలో కాదు, చర్మం కింది ద్రవంలో, అందుకని కొన్ని నిమిషాలు వెనకబడుతుంది, ఆ చెయ్యి మీద తిరిగి పడుకుంటే లేని లో షుగర్ కూడా చూపిస్తుంది. మామూలు మీటర్‌తో చేసుకోదగ్గ ఒక సరదా ప్రయోగం చెబుతాను: వరసగా రెండు రోజులు ఒకే తిండి, ఒకే కొలత. ఒకరోజు తిన్నాక సోఫాలో కూర్చోండి, రెండో రోజు పదిహేను నిమిషాలు నడవండి, రెండు రోజులూ గంటకి వేలు గుచ్చి చూడండి. నాకు 168, 139 వచ్చాయి. ఒక మనిషి, రెండు రోజులు, దీన్ని శాస్త్రం అనలేం, కానీ తిన్నాక నడిస్తే షుగర్ తక్కువ పెరుగుతుందన్నది చాలాసార్లు చూపించిన విషయమే, ఇక నా వరకైతే ఆ రోజు తర్వాత రాత్రి తిన్నాక సోఫాలో కూలబడాలంటే ఆ 168 గుర్తొస్తుంది.

మళ్లీ పరీక్ష ఎప్పుడు

హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటు, కాబట్టి మూడు వారాలకే పరుగెత్తితే ల్యాబ్ ఖర్చు తప్ప ఏమీ తెలియదు. మూడు నెలలు ఆగండి, అదే ల్యాబ్‌లో, లిపిడ్ ప్రొఫైల్ కూడా కలిపి చేయించుకోండి, నడుము కొలత తేదీతో సహా రిపోర్టు మీదే రాసుకోండి. లో-కార్బ్ చేస్తున్నవాళ్లకి గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసే పరీక్ష రాసిస్తే, దానికి ముందు మూడు రోజులు రోజుకి 150 గ్రాములకి తగ్గకుండా పిండిపదార్థాలు తినాలి. నెలల తరబడి పిండి తినని ఒళ్లు ఒక్కసారిగా 75 గ్రాముల గ్లూకోజ్ చూసి తబ్బిబ్బయి, లేని డయాబెటిస్‌ని కాగితం మీద చూపించొచ్చు. ఈ సంగతి ల్యాబ్‌లో ఎవరూ అడగరు, మీరే చెప్పాలి.